నొప్పికాయ

ప్రవల్లిక ఆ పరికరాన్ని మొదటిసారి చూసింది ఒక గేదె చెవి దగ్గర.

అనకాపల్లి దాటాక ఒక పాడిరైతు పాక అది. గేదె మేత ముట్టడం లేదని కబురొస్తే డాక్టర్ నూకరత్నం బయల్దేరుతూ, కంపెనీలో కొత్తగా చేరిన ప్రవల్లికను కూడా జీపులో ఎక్కించుకుంది. నూకరత్నం పశువైద్యురాలు. ఆ పరికరాన్ని కనిపెట్టింది ఆవిడే. దాన్ని అమ్మిపెట్టడం ప్రవల్లిక పని.

వంకాయంత ఉంది. నల్లటి రంగు. ఒక కొసన మెత్తటి రబ్బరు, రెండో వైపు అగ్గిపెట్టెంత తెర. నూకరత్నం రబ్బరు కొసను గేదె చెవి మొదట్లో ఆనించి, రెండో చేత్తో దాని ఒళ్ళంతా నొక్కుకుంటూ వచ్చింది. తెర మీద గీత నిదానంగా పాకుతోంది. ముందుకాళ్ళ వెనక, రొమ్ము ఎముక పక్కన నొక్కగానే ఒక్కసారి పైకి ఎగిరింది. గేదె మాత్రం కదల్లేదు, అరవలేదు.

"ఏటంటోందమ్మా నొప్పికాయ?" అన్నాడు రైతు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో దానికి ఆ పేరే స్థిరపడిపోయింది.

"మేతలో ఇనప తీగ ముక్క మింగేసినట్టుంది నాయుడూ. గుండె వైపు గుచ్చుకుంటోంది. ఇవాళే తీసెయ్యాలి."

ఆవిడ సామాను సర్దుకుంటుంటే, ప్రవల్లిక సరదాకి ఆ పరికరాన్ని పక్క రాటకు కట్టేసిన ముసలి ఎద్దు చెవి దగ్గర పెట్టింది. గీత దాదాపు నేలబారుగా ఉంది.

"దీనికేం లేదండీ. హాయిగా ఉంది."

"దాని కాలు చూడు," అంది నూకరత్నం.

ఎద్దు ముందుకాలు ఒకటి నేలకు ఆనీ ఆననట్టు పెట్టుకుని నిలబడింది.

"మూడేళ్ళుగా ఆ కాలితోనే బాధపడుతోంది. నొప్పి కొత్తగా వచ్చినప్పుడు ఒళ్ళు గోల పెడుతుంది. చెమటలో వాసన మారుతుంది, రక్తం పరుగు మారుతుంది. ఈ కాయ పట్టుకునేది ఆ గోలనే. ఏళ్ళ తరబడి నొప్పుంటే ఒళ్ళు అరిచి అరిచి ఊరుకుంటుంది. నొప్పి మాత్రం పోదు. గీత సన్నగా వణుకుతోంది, కనబడిందా? అది చదవాలంటే తెరతో పాటు కాలు కూడా చూడాలి."

ప్రవల్లిక తల ఊపింది. నిజానికి ఆమె మనసు అప్పటికే వేరే చోట ఉంది. నోరు లేని జీవానికి ఎక్కడ నొప్పో చెప్పే వస్తువు ఇది. నోరు లేని జీవాలు పాకల్లోనే ఉంటాయా?

*

మధురవాడలో కంపెనీ ఆఫీసు రెండు గదులు. యజమాని కిరీటికి ముప్పై ఏళ్ళుంటాయి. పశువైద్యుల్లో కొనేవాళ్ళు కొనేశారని, ఇక కొత్తగా కొనేవాళ్ళు లేరని, ఇలాగే ఉంటే తలుపులు మూసుకోవాల్సిందేనని అతను దాపరికం లేకుండా చెప్పాడు.

ప్రవల్లిక వారం రోజులు ఆఫీసు ముఖం చూడలేదు. పిల్లల ఆసుపత్రుల వరండాల్లో కూర్చుంది. ఏడుస్తున్న పసివాళ్ళను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగే తల్లులతో మాట్లాడింది. కడుపునొప్పో, చెవిపోటో, ఆకలో, ఉత్త పేచీయో తెలియక వాళ్ళు పడే అవస్థ విన్నది. తన కూతురు చిన్మయి పసితనంలో తనూ అలాగే తిరిగింది.

తిరిగొచ్చి, నూకరత్నం, కిరీటి ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"నలుపు వద్దు, దంతపు రంగు చేద్దాం. సగానికి సగం చిన్నది కావాలి, తల్లి గుప్పిట్లో పట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, గీత వద్దు."

"గీత లేకపోతే ఇంకేటుందమ్మా అందులో?" అంది నూకరత్నం.

"గీత చదవడం నాకు రావడానికే వారం పట్టింది మేడమ్. చంకలో పిల్లనెత్తుకున్న తల్లి ఏం చదువుతుంది? ఒక్క అంకె కావాలి. సున్నా నుంచి పది దాకా. నొక్కినచోట అంకె పెరిగితే నొప్పి అక్కడే."

"మరి వణికే గీతకి ఏ అంకె వేస్తావు?"

"ఎంత ఎత్తుంటే అంత."

"ఒకటి వస్తుంది."

"పసిపిల్లలకు పాత నొప్పులు ఎక్కడివండీ?"

నూకరత్నానికి అందులో తప్పేమీ కనబడలేదు. "అదీ నిజమే," అంది.

పేరు 'తోడు' అని పెట్టారు. మందుల షాపుల్లో, సెల్‌ఫోన్ దుకాణాల్లో, చీరల కొట్లలో కౌంటర్ల మీద పెట్టించింది ప్రవల్లిక. బారసాలలకు బహుమతిగా ఇవ్వడానికి వెండిరంగు డబ్బాలో ఒక రకం చేయించింది. ఆ ఏడాది తిరిగేసరికి విశాఖలో పసిపిల్లలున్న ఇళ్ళలో తోడు లేని ఇల్లు తక్కువ. చెవిపోటు ముందే తెలిసి బతికిపోయామని తల్లులు ఫోన్లు చేసి చెప్పేవాళ్ళు. ఆ మాటలు నిజం. వాటిని తలుచుకుంటూ ప్రవల్లిక చాలా రోజులు సంతోషంగా నిద్రపోయింది.

తర్వాత కిరీటి అన్నాడు: "పిల్లలకి మాటలొచ్చేస్తాయి, వస్తువు బీరువాలోకి పోతుంది. దీన్ని ఇంటిల్లిపాదికీ అమ్మలేమా?"

అమ్మడం ఎలాగో ప్రవల్లికకు తెలుసు. రెండో ప్రకటనలో పిల్లలు లేరు. భర్త ఆఫీసు నుంచి వస్తాడు, భార్య నవ్వుతూ తోడును అతని చెవి వెనక ఆనిస్తుంది, ఏడు అని చూసి మంచినీళ్ళు, మాత్ర తెచ్చిస్తుంది. చివర్లో వచ్చే మాట ప్రవల్లిక సొంతంగా రాసింది: 'అడగక్కర్లేదు. చూస్తే చాలు.'

ప్రకటన వచ్చిన రోజే నూకరత్నం ఫోన్ చేసింది.

"పెద్దోళ్ళకి అమ్ముతున్నారు కదా. పాత నొప్పి ఇది చూపించదని డబ్బా మీద రాయించమ్మా."

"లోపలి కాగితంలో వేశాం మేడమ్."

"అది ఎవరు చదువుతారు?"

"డబ్బా మీద చోటు లేదండీ," అంది ప్రవల్లిక. నిజంగానే చోటు లేదు. ఉన్న చోటంతా నవ్వుతున్న కుటుంబం బొమ్మే.

*

జనం దాన్ని చాలా తొందరగా అలవాటు చేసుకున్నారు. బస్సులో సీటు కావాలంటే అంకె చూపించమనేవాళ్ళు. తలనొప్పని చెప్పిన పిల్లవాడి చెవి వెనక టీచరు తోడు ఆనించేది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకరికొకరు తోడు పెట్టుకుని ఫొటోలు దిగేవారు. ఒంట్లో ఎలా ఉందని అడగడం మానేసి, ఎంతుందని అడగడం మొదలైంది.

ప్రవల్లిక భర్త పైడిరాజు ఓడరేవు పక్కన కంటైనర్ల యార్డులో క్రేన్ నడిపేవాడు. రెండేళ్ళ కిందట క్రేన్ నిచ్చెన మీద నుంచి జారి కుడి భుజం మీద పడ్డాడు. ఎముక అతికింది గాని చెయ్యి మునుపటిలా కాలేదు. మంట పెట్టినట్టుంటుందనేవాడు. యార్డు మేనేజరు అతన్ని గేటు దగ్గర గదిలో కూర్చునే పనిలో వేశాడు. మొదట్లో ప్రవల్లిక రోజూ సాయంత్రం ఆ భుజానికి నూనె రాస్తూ ఎలా ఉందని అడిగేది. కంపెనీ పని పెరిగాక ఆ సాయంత్రాలు తగ్గాయి.

ఒకరోజు చిన్మయి తోడు పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. తనకు సున్నా వచ్చింది. గోడకు కాలు కొట్టుకుని మళ్ళీ చూసుకుంటే మూడు వచ్చింది. అమ్మకు రెండు. తర్వాత, టీవీ ముందున్న తండ్రి చెవి వెనక ఆనించింది.

"అమ్మా! నాన్నకి ఒకటే!"

ప్రవల్లిక వంటింట్లోంచి పరుగున వచ్చింది. గుండె మీద నుంచి ఏదో బరువు దిగినట్టయింది.

"ఒకటా! తగ్గిపోయిందా? చెప్పనే లేదేంటండీ?"

పైడిరాజు ఆ అంకె వైపు కాసేపు చూశాడు.

"చూపిస్తోంది కదా," అన్నాడు.

మరుసటి నెల యార్డులో కూడా తోడులు కొన్నారు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికీ పెట్టి చూస్తారు. ఐదు దాటితే ఆ రోజు తేలిక పని. మంచి పద్ధతే, ఎండలో ఒళ్ళు హూనమై కూడా పైకి చెప్పడానికి మొహమాటపడే కూలీలకు అది మేలు చేసింది. పైడిరాజుకు రోజూ ఒకటే వచ్చేది. మేనేజరు భుజం తట్టి అతన్ని మళ్ళీ క్రేన్ మీదకు పంపాడు.

ఆ వార్త విని ప్రవల్లిక సేమ్యా పాయసం చేసింది. పైడిరాజు ఎడంచేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు. ఆమె అది గమనించలేదు.

*

కొత్త ప్రకటన కోసం కొనుక్కున్నవాళ్ళ మాటలు నాలుగు ఏరుకుందామని ఒక మధ్యాహ్నం ప్రవల్లిక కంపెనీ ఫోన్లు తీసుకునే గదిలోకి వెళ్ళింది. ఆ పనిలో ఉన్న అమ్మాయి పక్కన కూర్చుని, రెండో జత హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుంది.

బొబ్బిలి వైపు నుంచి ఒకావిడ మాట్లాడుతోంది. గొంతులో కోపం లేదు.

"మా అత్తగారు రోజూ పొద్దున్నే పెట్టి చూత్తారమ్మా. ఒకటో రెండో వత్తాది. లేచి పని చూసుకోమంటారు. నాకేమో నడుం విరిగిపోయినట్టుంటాది. ఇదొచ్చినకాడి నుంచి మా ఆయన కూడా నమ్మడం నేదు. ముందు ఆయనొక్కడైనా నమ్మీవోడు. మీ మిషను ఒకోసారి తప్పు చెప్తాదని ఆయనకి ఒక్క ముక్క చెప్తారేటమ్మా?"

"మేడమ్, మీ పరికరాన్ని నంబరు కొట్టి ఇక్కడి నుంచే పరీక్షించాను. అది సరిగ్గానే పనిచేస్తోంది," అంది అమ్మాయి. అలా చెప్పాలని ఆమెకు నేర్పించారు.

"సరేలెమ్మా. పని చేత్తంది కదా," అని ఆవిడ పెట్టేసింది.

ప్రవల్లిక హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. గొంతులోని ఆ తీరు ఆమెకు తెలుసు. తన ఇంట్లో, టీవీ ముందు కూర్చుని, ఇంకో మనిషి అదే తీరుగా మాట్లాడాడు. పాకలో ముసలి ఎద్దు, నేలకు ఆనని కాలు గుర్తొచ్చాయి. ఆమె ఇంకెవరితోనూ మాట్లాడలేదు. బండి తీసి నేరుగా యార్డుకు వెళ్ళింది.

భోజనాల తర్వాత షిఫ్టు మళ్ళీ మొదలవుతోంది. ఎండ కంటైనర్ల మీద పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. పైడిరాజు క్రేన్ నిచ్చెన ఎక్కుతున్నాడు. కుడి చెయ్యి నడుం బెల్టులోకి దోపుకుని, ఎడంచేత్తో ఒక మెట్టు పట్టుకుని, ఒళ్ళు నిచ్చెనకు ఆనించి ఆగి, ఆ చెయ్యి వదిలి పై మెట్టు అందుకుంటున్నాడు. వదిలిన ప్రతిసారీ ఒక్క క్షణం ఏ చేతి పట్టూ లేకుండా కాళ్ళ మీదే ఆగుతున్నాడు.

ప్రవల్లిక అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి పట్టు తప్పుతాడని భయం. అతను పైన గదిలోకి చేరేదాకా కదలకుండా నిలబడింది. తర్వాత మేనేజరు దగ్గరికి వెళ్ళి అతన్ని కిందికి పిలిపించమంది.

యార్డు గోడ నీడలో ఇద్దరూ కూర్చున్నారు.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే ఏటంటావు?"

ఆమె అతని దగ్గరికి జరిగింది.

"నిన్ను తప్పు పట్టడం లేదు వల్లీ," అన్నాడు పైడిరాజు నెమ్మదిగా. "నాకే అనుమానమొచ్చేసింది. డాక్టర్లూ ఇంజనీర్లూ కలిసి చేసిన మిషను ఒకటి అంటోంది. నేనే ఎక్కువ చేసుకుంటున్నానేమో, బద్ధకమేమో అనుకున్నాను. నిజంగా నాకు నొప్పుందా అని నన్ను నేనే అడుక్కునేవోణ్ణి. ఓ పక్క చెయ్యి కాలిపోతుంటే అడుక్కునేవోణ్ణి."

ప్రవల్లిక అతని కుడి చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. చాలా నెలల తర్వాత ఆ చేతిని సరిగ్గా చూసింది. ముంజేయి సన్నబడిపోయింది, వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి.

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళి మేనేజరుకు విషయమంతా చెప్పింది. ఆయన చెడ్డవాడు కాడు. విని నొచ్చుకున్నాడు. కానీ ఒక మాట అన్నాడు: "అడగక్కర్లేదని చెప్పింది మీరే కదమ్మా."

*

నూకరత్నం ప్రయోగశాల పాత పశువుల ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు. ప్రవల్లిక పైడిరాజును మర్నాడే అక్కడికి తీసుకెళ్ళింది. చీవాట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళింది. నూకరత్నం అంతా విని కుర్చీలో వెనక్కి వాలింది.

"నువ్వు అడిగావు, నేను చేశాను. గీతను అంకె చేసిన చేతులు నావే కదమ్మా. ఇప్పుడు ఎవర్నని ఏం లాభం?" అని లేచి, అలమరలోంచి నల్లటి పాత నొప్పికాయ ఒకటి తీసింది.

పైడిరాజు చెవి మొదట్లో ఆనించింది. తెర మీద గీత నేలబారుగా నడిచింది. దగ్గరగా చూస్తే సన్నగా, విడవకుండా వణుకుతోంది.

"అదేనా నాది?" అన్నాడు పైడిరాజు.

"అదే బాబూ."

"ఇంత సన్నగా ఉందే."

"సన్నగా ఉన్నా ఆగడం లేదు చూడు. నువ్వు నిద్రపోతున్నా ఇలాగే ఉంటుంది."

అతను తెర మీద వేలు పెట్టి ఆ గీత వెంట కొంత దూరం వెళ్ళాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ప్రవల్లిక తల పక్కకు తిప్పుకుంది.

ఆ తర్వాత కొన్ని వారాలు, కంపెనీకి ఫోన్ చేసినవాళ్ళలో ప్రవల్లిక తిరిగి పిలిచిన జనం ఆ రేకుల షెడ్డుకు వచ్చిపోయారు. నడుం నొప్పివాళ్ళు, కీళ్ళనొప్పులవాళ్ళు, తెగిపోయిన కాలు ఇంకా నొప్పి పెడుతోందని చెప్పే ఒక మాజీ లారీ డ్రైవరు. బొబ్బిలి ఆవిడ కూడా భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. తెర మీద భార్య నొప్పి గీత చూసి ఆయన, "ఇదెప్పుడూ ఇలాగే ఉంటాదాండీ?" అని నూకరత్నాన్ని రెండుసార్లు అడిగాడు. అన్ని గీతలూ దగ్గర పెట్టుకుని చూశాక నూకరత్నానికి ఒకటి తేలింది. వణుకును అంకెగా మార్చడం కుదరదు. కానీ వణుకు ఉందని పరికరం పసిగట్టగలదు. అలాంటప్పుడు అది అంకె చూపించకుండా ఊరుకోగలదు.

"ఊరుకుంటే పాడైందనుకుంటారు మేడమ్. మాటలు చూపిద్దాం," అంది ప్రవల్లిక. ఆ మాటలూ ఆమే రాసింది: 'ఇది నాకు తెలియదు. మనిషిని అడగండి.'

కిరీటి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"ప్రవల్లిక గారూ, తెలియదని చెప్పే వస్తువును డబ్బులిచ్చి ఎవరు కొంటారు?"

"తెలియకపోయినా తెలిసినట్టు చెప్పే వస్తువును నేనే అమ్మాను కదండీ."

"అది వేరు. దానివల్ల వందలమందికి మేలు జరిగింది."

"జరిగింది. కాదనను. మీరొక్కసారి ఆ ఫోన్ల గదిలో కూర్చోండి. తర్వాత మీ ఇష్టం."

మర్నాడు పొద్దున అతను కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. సాయంత్రం బయటకొచ్చి, ఆఫీసు మెట్ల మీద ప్రవల్లిక పక్కన కూలబడ్డాడు.

"ఒక్కరూ తిట్టడం లేదండీ," అన్నాడు. "తిడితే బాగుండు. సరేలెమ్మని పెట్టేస్తున్నారు."

కొత్త మార్పు ఇంటర్నెట్ ద్వారా అన్ని తోడులలోకీ ఒకే రోజు వెళ్ళింది. మొదటి వారం కంపెనీకి ఫోన్లు ఆగలేదు. పాడైపోయిందని, డబ్బు వెనక్కిమ్మని అడిగినవాళ్ళే ఎక్కువ. కొన్ని దుకాణాలవాళ్ళు సరుకు వెనక్కి పంపారు. తర్వాత ఎవరో చవకరకం పరికరాలు తెచ్చి దించారు. అవి ఎవరి చెవి దగ్గర పెట్టినా ఏదో ఒక అంకె చూపించేవి, బాగానే అమ్ముడుపోయేవి. కిరీటి కంపెనీ చిన్నదైపోయింది, మూతపడలేదు. పసిపిల్లల తల్లులు తోడునే కొన్నారు. కొన్ని ఆసుపత్రులు కూడా, అది తెలియదని ఒప్పుకుంటుంది కాబట్టే, కొనడం మొదలుపెట్టాయి. ప్రవల్లిక జీతం సగమైంది. ఆమె యార్డులకు, ఫ్యాక్టరీలకు వెళ్ళి, తెర మీద ఆ మాటలొచ్చినప్పుడు మనిషిని ఎలా అడగాలో సూపర్‌వైజర్లకు చెప్పే పని పెట్టుకుంది. కొందరు విన్నారు, కొందరు టీ ఇచ్చి పంపేశారు.

పైడిరాజును మేనేజరు మళ్ళీ గేటు గదిలోకి మార్చాడు.

*

అన్నీ సర్దుకున్నట్టే ఉన్నా, పైడిరాజు మాత్రం నొప్పి గురించి నోరు విప్పేవాడు కాదు. ప్రవల్లిక రోజూ అడిగేది. "పర్లేదు," అనేవాడు. అది అబద్ధమని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. నెలల తరబడి మింగుకున్న మాట అడగ్గానే పైకి రాదు. ఆమె గట్టిగా పట్టుబట్టేది కాదు. సాయంత్రాలు నూనె గిన్నె తెచ్చి, భుజానికి రాసి, వెళ్ళిపోయేది.

వేసవి వచ్చింది. ఒక ఆదివారం ఉదయం పైడిరాజు తాటిముంజలు తెచ్చాడు. వరండాలో కాగితం పరిచి ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. చిన్మయి తనవి తాను ఒలుచుకుని, నీళ్ళు మెడ మీదకు కారుతుంటే జుర్రుకుని, పక్కింటి పిల్లల దగ్గరికి పరిగెత్తింది. పైడిరాజు ఒక కాయ పట్టుకుని, ముంజలోకి బొటనవేలు దించబోయి ఆగాడు. మళ్ళీ ప్రయత్నించాడు. వేలు దిగలేదు.

ప్రవల్లిక చూసింది గాని చెయ్యి చాపలేదు. తన చేతిలోని ముంజ తొక్క తీస్తూ కూర్చుంది.

అతను కాయను కాగితం మీద పెట్టి, ఆమె వైపు నెట్టాడు.

"నువ్వు తియ్యి వల్లీ. ఇవాళ చెయ్యి అస్సలు బాగోలేదు."

ఆమె కాయ తీసుకుంది. "ఎలాగుంది?" అని అడిగింది.

పైడిరాజు వీధి వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "మోచేతి నుంచి కిందికి వేడి ఇసక పోసినట్టుంటది. వేళ్ళకొచ్చేసరికి చల్లబడిపోద్ది, అప్పుడింకా బాధ. పొద్దున్న లేవగానే ఒకలాగ, మబ్బు పట్టినప్పుడు ఇంకోలాగ..." మాటలు వెతుక్కుంటూ, దొరకనప్పుడు ఆగుతూ, దొరికాక మళ్ళీ అందుకుంటూ చెబుతూనే ఉన్నాడు. ప్రవల్లిక ముంజ ఒలిచి అతని ఎడంచేతిలో పెట్టి, ఇంకోటి అందుకుంది.